విమాన ఛార్జీలు, రివార్డు పాయింట్లు: తరచూ తిరిగేవాళ్లు అడిగే ప్రశ్నలు

ఉద్యోగం పని మీద నెలనెలా హైదరాబాద్ నుంచి ఢిల్లీకో ముంబైకో వెళ్లేవాళ్లు, పండక్కి వైజాగ్ చేరాలనుకునేవాళ్లు, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చే పెద్దవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. నేనూ తరచూ విమానం ఎక్కే మనిషినే, ఎయిర్‌లైన్ల మీద వాళ్లకున్న కోపం నాదీనూ. ఎయిర్‌లైన్లు చేసేదాంట్లో ఏది సబబో, ఏది కాదో నాకు తోచినట్టే రాశాను. లెక్క చూపించడానికి వాడిన టికెట్ ధరలు ఉదాహరణలు మాత్రమే.

నిన్న రాత్రి రూ.4,800 చూపించింది. పొద్దున లేచేసరికి రూ.7,300. అదే ఫ్లైట్, అదే సీటు. ఇదేం లెక్క?

మనకు కనిపించేది ఒకే ఎకానమీ క్యాబిన్. ఎయిర్‌లైన్ కంప్యూటర్‌కు మాత్రం అందులో పది పన్నెండు ధరల మెట్లు ఉంటాయి. ఒక్కో మెట్టుకు ఒక్కో ఇంగ్లిష్ అక్షరం. టికెట్ మీద 'క్లాస్' అన్నచోట ఒకే అక్షరం ఉంటుంది చూడండి, అదే. 186 సీట్ల ఎయిర్‌బస్ ఏ320లో అడుగు మెట్టుకు ఏ పదో పదిహేనో సీట్లు పెట్టారనుకోండి. అవి అయిపోగానే ధర పై మెట్టు ఎక్కుతుంది. పైగా ఏ మెట్టులో ఎన్ని సీట్లన్నది రోజూ మారుస్తూనే ఉంటారు. బుకింగులు జోరుగా వస్తుంటే కింది మెట్లు మూసేస్తారు, మందగిస్తే మళ్లీ తెరుస్తారు. ఒక్కోసారి ధర తగ్గేది అందుకే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నలుగురికి కలిపి వెతికినప్పుడు చవక మెట్టులో రెండు సీట్లే మిగిలి ఉంటే, చాలా సైట్లు నలుగురికీ పై మెట్టు ధరే చూపిస్తాయి. ఆ రెండు సీట్లు కూడా మీకు ఎక్కువ ధరకే పడతాయి. కాబట్టి ముందు ఒక్కరికి వెతకండి, తర్వాత ఇద్దరికి, తర్వాత నలుగురికి. మధ్యలో ధర ఎగిరితే రెండు బుకింగులుగా విడగొట్టండి. పిల్లలుంటే ఒక్కొక్కరినీ ఒక పెద్దవాళ్ల టికెట్‌తో కలిపి బుక్ చేయండి. పన్నెండేళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనైనా సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఎయిర్‌లైన్లకు చెప్పింది. అయితే అది ఒకే పీఎన్ఆర్‌లో, అంటే ఒకే బుకింగ్ నంబరులో ఉన్నవాళ్లకే.

బ్రౌజర్‌లో మన జాడ దాచే ఇన్‌కాగ్నిటోలో చూస్తే తక్కువ చూపిస్తుందట కదా?

నేను గమనించినంతలో తేడా ఏమీ లేదు. రెండోసారి చూసేసరికి ధర పెరిగిందంటే, ఈలోపు ఎవరో చవక సీటు కొనేసి ఉంటారు, లేదా మొదట చూపించింది పాత ధర అయి ఉంటుంది.

మంగళవారం రాత్రి బుక్ చేస్తే చవకా?

కాదు. ఏ రోజు బుక్ చేశారన్నది కాదు, ఏ రోజు ప్రయాణం అన్నదే ముఖ్యం. శుక్రవారం సాయంత్రం, ఆదివారం రాత్రి, సోమవారం పొద్దున ఫ్లైట్లు ఎప్పుడూ మండుతూనే ఉంటాయి.

సంక్రాంతికి విజయవాడ, రాజమండ్రి, వైజాగ్ టికెట్లు అలా మండిపోతుంటే అడిగేవాడు లేడా?

ఉన్నాడు, కానీ అస్తమానూ అడగడు. 1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయ్యాక మన దేశంలో ప్రైవేటు ఎయిర్‌లైన్లకు దారి తెరుచుకుంది. దాంతోపాటే ఛార్జీల మీద ప్రభుత్వం పట్టూ పోయింది. ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్ 135వ నిబంధన ప్రకారం నిర్వహణ ఖర్చు, సహేతుకమైన లాభం, మార్కెట్‌లో నడుస్తున్న ధరలు చూసుకుని ఎయిర్‌లైనే ధర పెట్టుకోవచ్చు. మరీ ఎక్కువనిపిస్తే డీజీసీఏ జోక్యం చేసుకునే అధికారం ఆ నిబంధనలోనే ఉంది. ఛార్జీలను గమనించడానికి ఒక విభాగం కూడా పనిచేస్తోంది.

పరిమితి పెట్టడం కుదరదన్న మాట నిజం కాదు. కుదిరిన సందర్భాలు మనం చూశాం. కోవిడ్ తర్వాత 2020 మే 25న దేశీయ సర్వీసులు మళ్లీ మొదలైనప్పుడు కేంద్రం కనిష్ఠ, గరిష్ఠ ధరలు నిర్ణయించింది. 2022 ఆగస్టు 31 దాకా ఆ పరిమితి నడిచింది. 2025 డిసెంబరులో ఇండిగో ఫ్లైట్లు వందల కొద్దీ రద్దయి మిగతా ఎయిర్‌లైన్ల టికెట్లు ఆకాశాన్నంటినప్పుడు మళ్లీ పరిమితి వచ్చింది. 500 కిలోమీటర్ల లోపు రూ.7,500, వెయ్యి లోపు రూ.12,000, 1,500 లోపు రూ.15,000, ఆపైన రూ.18,000. పన్నులు, ఎయిర్‌పోర్టు రుసుములు వీటికి అదనం. బిజినెస్ క్లాస్‌కు ఇది వర్తించలేదు.

పండగ రద్దీలో ఎయిర్‌లైన్ వైపు కూడా ఒక మాట ఉంది. భోగికి ముందు హైదరాబాద్ నుంచి కోస్తా వైపు వెళ్లే ఫ్లైట్లన్నీ నిండిపోతాయి, అవే విమానాలు తిరుగు ప్రయాణంలో ఖాళీగా వస్తాయి. కనుమ దాటాక వరస తిరగబడుతుంది. ఒకవైపు నష్టాన్ని రెండోవైపు రాబట్టుకుంటామంటే ఒప్పుకోవచ్చు. నాకు నచ్చనిది దాపరికం. ఎయిర్‌లైన్లు తమ సైట్లలో ఛార్జీల పట్టిక పెడతాయి, ఏ రూటులో ఎంత నుంచి ఎంత వరకు అన్నది అందులో ఉంటుంది. అడుగు ధరకు ఎన్ని సీట్లు అమ్మారో మాత్రం ఎక్కడా ఉండదు. 'రూ.1,999 నుంచి' అని ప్రకటన వేసే హక్కు వాళ్లకు ఉన్నప్పుడు, ఆ ధరకు ఎన్ని సీట్లు పెట్టారో తెలుసుకునే హక్కు మనకూ ఉండాలి. గరిష్ఠ పరిమితి కూడా సంక్షోభం వచ్చాక పెట్టేది కాకుండా, పండగలకు ముందే ప్రకటించేది అయి ఉండాలి.

టికెట్ ధరలో ఎయిర్‌లైన్‌కు పోయేదెంత, ప్రభుత్వానికి పోయేదెంత?

బేస్ ఫేర్ (టికెట్ అసలు ధర), ఇంధన సర్‌ఛార్జీ ఎయిర్‌లైన్‌వి. యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు ఎయిర్‌పోర్టుది. దేశీయ ప్రయాణానికి భద్రతా రుసుము రూ.200. జీఎస్టీ ఎకానమీకి 5 శాతం, బిజినెస్‌కు 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం. కనిపించని పన్ను ఇంకోటి ఉంది. విమాన ఇంధనాన్ని జీఎస్టీలోకి తేలేదు. రాష్ట్రాలు ఎవరికి తోచినంత వ్యాట్ అవి వేసుకుంటూ వచ్చాయి. కొన్నిచోట్ల అది ఒకటి రెండు శాతమైతే, తమిళనాడులో చాలాకాలం 29 శాతం. ఆ భారమంతా చివరికి మన టికెట్‌లోకే వస్తుంది.

బిల్లులో ఈ విడివిడి లెక్క ఎందుకు చూసుకోవాలంటే, నాన్ రిఫండబుల్ (డబ్బు వాపసు లేని) టికెట్ రద్దు చేసుకున్నా పన్నులు, ఎయిర్‌పోర్టు రుసుములు వెనక్కి ఇవ్వాల్సిందే. రద్దు ఛార్జీ బేస్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జీ కలిపినదానికి మించకూడదు. 'రద్దు చేస్తే ఏమీ రాదు' అని ఏజెంటు అంటే నమ్మకండి, ఆ మొత్తం అడిగి తీసుకోండి.

ఏళ్ల తరబడి ఒకే ఎయిర్‌లైన్‌లో తిరుగుతున్నాను. పాయింట్లు మాత్రం నత్తనడకన పెరుగుతున్నాయి. ఎందుకు?

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఎందుకంటే, పాయింట్లిచ్చే ఎయిర్‌లైన్ స్కీములు ఇప్పుడు లెక్కపెట్టేది మీ ప్రయాణాలను కాదు, మీ ఖర్చును.

1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన పాయింట్ల స్కీము 'ఏఅడ్వాంటేజ్' మొదలుపెట్టినప్పుడు లెక్క సూటిగా ఉండేది. ఎన్ని మైళ్లు ఎగిరితే అన్ని మైళ్లు పాయింట్లుగా ఖాతాలో పడేవి. టికెట్ చవకగా కొన్నారా, ఖరీదుగా కొన్నారా అన్నదానితో పెద్దగా పనిలేదు. చాలా ఎయిర్‌లైన్లు అదే దారిలో నడిచాయి. 2015లో అక్కడి మరో ఎయిర్‌లైన్ డెల్టా దూరం లెక్క వదిలి డాలర్ల లెక్కకు మారింది. అదే ఏడాది యునైటెడ్, మరుసటి ఏడాది అమెరికన్ మారాయి. మన దగ్గర ఎయిర్ ఇండియా 2024లో 'ఫ్లయింగ్ రిటర్న్స్'ను ఖర్చు లెక్కకు మార్చింది, తర్వాత 'మహారాజా క్లబ్' అని పేరు పెట్టింది. అదే ఏడాది వచ్చిన ఇండిగో 'బ్లూచిప్' కూడా ఖర్చు లెక్కే.

దీనివల్ల ఎవరికి లాభమో చూడండి. సొంత డబ్బుతో రెండు నెలల ముందే రూ.4,000కు టికెట్ కొనుక్కుని ప్రతి నెలా ఊరెళ్లే మనిషి ఒకరు. కంపెనీ డబ్బుతో ముందురోజు రూ.16,000 పెట్టి కొని ఏడాదికి నాలుగుసార్లు వెళ్లే మనిషి ఇంకొకరు. మొదటివాళ్లు పన్నెండు సార్లకు పెట్టేది రూ.48,000, రెండోవాళ్లు నాలుగు సార్లకు రూ.64,000. ఎయిర్‌లైన్ దృష్టిలో విధేయులు రెండోవాళ్లే. పాయింట్లు కూడా సాధారణంగా పన్నులు, రుసుములు తీసేసిన మొత్తం మీదే పడతాయి కాబట్టి చవక టికెట్ మీద వచ్చేవి ఇంకా తగ్గుతాయి.

వ్యాపారం వాళ్లది, లెక్క వాళ్ల ఇష్టం. కాకపోతే దాన్ని 'లాయల్టీ' అని మనకు అమ్మకూడదు. నేను ఇప్పుడు ఒకే ఎయిర్‌లైన్‌కు కట్టుబడి ఉండటం లేదు. టైము, ధర చూసుకుని ఏది బాగుంటే అది ఎక్కుతున్నాను. వచ్చిన పాయింట్లు వస్తాయి. పాయింట్ల కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టి టికెట్ కొనడం దండగ.

నా దగ్గర ఉన్న పాయింట్ల విలువ ఎంతో ఎలా తెలుస్తుంది?

ఒకే ఫ్లైట్‌ను డబ్బుతోనూ, పాయింట్లతోనూ వెతకండి. డబ్బుతో రూ.6,200. పాయింట్లతో 9,000 పాయింట్లు, దాని మీద రూ.1,100 రుసుములు. 6,200లోంచి 1,100 తీసేస్తే 5,100. దాన్ని 9,000తో భాగిస్తే ఒక్కో పాయింటు సుమారు 57 పైసలు. ఇలా రెండు మూడు రూట్లలో చూస్తే మీ పాయింట్ల అసలు సత్తా తెలిసిపోతుంది. గిఫ్ట్ కార్డులు, సూట్‌కేసులు, హెడ్‌ఫోన్లు ఇచ్చే కేటలాగులో సాధారణంగా ఇంతకంటే తక్కువే గిట్టుతుంది. బిజినెస్ క్లాస్ అప్‌గ్రేడ్‌లో ఒక్కోసారి ఎక్కువ గిట్టుతుంది.

పాయింట్లు బోలెడున్నాయి, సీటు మాత్రం దొరకదు. ఎందుకని?

పాయింట్లకు కేటాయించే సీట్లు చాలా స్కీముల్లో వేరు. డబ్బుతో అమ్ముడయ్యే సీట్లను కంప్యూటర్ అటువైపు వదలదు.

ఇది నాకు బాగా మనసుకు తగిలిన సంగతి. బంధువుల ఇంట్లో చావు కబురు వచ్చి ఒక రాత్రి హైదరాబాద్ నుంచి తెల్లవారే ఫ్లైట్ వెతికాను. ఎయిర్‌లైన్ పేరు ఇక్కడ అనవసరం. యాప్‌లో పైన నా పేరు, పక్కన బంగారు రంగు బ్యాడ్జి, ఆ కింద పాయింట్ల నిల్వ. టికెట్‌కు సరిపోయే దానికంటే ఎక్కువే ఉన్నాయి. 'పాయింట్లతో చెల్లించండి' నొక్కితే 'ఈ తేదీకి సీట్లు లేవు' అని వచ్చింది. వెనక్కి వచ్చి డబ్బుతో తొమ్మిది మందికి వెతికితే తొమ్మిది సీట్లూ ఇస్తానంది, ఒక్కోటి మామూలు ధరకు మూడింతలు. కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి చాలా మర్యాదగా, "రివార్డు సీట్లు వేరండీ, మా చేతిలో ఏమీ లేదు" అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు. కానీ, అవసరం పీకల మీద ఉన్న రోజున పనికిరాని పాయింట్లను ఎందుకు దాచుకోవాలో ఆ కంపెనీ చెప్పాలి. అత్యవసర ప్రయాణాలకు ఏ కొన్ని రివార్డు సీట్లయినా చివరిదాకా తెరిచి ఉంచడం వాళ్లకు అసాధ్యమేమీ కాదు.

విలువ ఎందుకు ఏటికేడాది పడిపోతోంది?

పాయింటు ముద్రించేదీ, దాని విలువ నిర్ణయించేదీ ఒక్కరే కాబట్టి. నిన్న 9,000 పాయింట్లకు ఇచ్చిన సీటును ఇవాళ 13,000 అంటే మనం చేయగలిగిందేమీ లేదు, 'షరతులు ఎప్పుడైనా మారవచ్చు' అన్నదాని మీద టిక్ పెట్టాం.

పైగా పాయింట్లు ఎక్కువగా పుట్టేది విమానాల్లో కాదు, క్రెడిట్ కార్డుల దగ్గర. ఎయిర్‌లైన్ తన పాయింట్లను బ్యాంకులకు డబ్బుకు అమ్ముతుంది, బ్యాంకు వాటిని మనకు ఇస్తుంది. ఈ వ్యాపారం ఎంత పెద్దదంటే, 2020లో విమానాలు నేల మీద నిలిచిపోయి ఉన్నప్పుడు యునైటెడ్ తన 'మైలేజ్‌ప్లస్' స్కీమును తనఖా పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. మరుసటి ఏడాది అమెరికన్ 'ఏఅడ్వాంటేజ్' మీద 1,000 కోట్ల డాలర్లు తెచ్చింది. పాయింట్లు ఎక్కువైపోయి సీట్లు అన్నే ఉంటే జరిగేది ఒకటే, సీటు ధర పాయింట్లలో పెరుగుతుంది.

బ్యాంకులూ తక్కువేం కాదు. 2023 సెప్టెంబరులో యాక్సిస్ బ్యాంకు మాగ్నస్ క్రెడిట్ కార్డుదారులకు ఎయిర్‌లైన్ ఖాతాలోకి మార్చుకునే లెక్క 5:4 నుంచి 5:2కి దిగింది, అంటే ఐదు కార్డు పాయింట్లకు నాలుగు వచ్చేచోట రెండే. దాచుకున్న పాయింట్ల విలువ సగానికి సగం పోయింది. అందుకే దాచకండి. ఎప్పుడు సరిపడా ఉంటే అప్పుడు వాడేయండి. కార్డు పాయింట్లను కూడా టికెట్ కళ్లముందు కనిపించాకే ఎయిర్‌లైన్‌లోకి మార్చండి. ఒకసారి మారిస్తే సాధారణంగా వెనక్కి రావు.

ఎయిర్‌లైన్ మూతపడితే పాయింట్ల గతి?

2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయినప్పుడు దాని ఖాతాల్లో పాయింట్లున్నవాళ్లకు ఎగరడానికి విమానాలే లేకుండా పోయాయి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది. అయితే జెట్‌ప్రివిలేజ్ అప్పటికే వేరే కంపెనీగా ఉండటంతో, ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని ఆ మైళ్లను కొనసాగించింది. విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు పాయింటుకు పాయింటు బదిలీ చేశారు. అంటే ఏ దారి పడుతుందో ముందు చెప్పలేం. కంపెనీ జీతాలు ఆపిందనో, విమానాలు అద్దెకిచ్చినవాళ్లు వెనక్కి తీసుకెళుతున్నారనో వార్త వచ్చిన రోజే పాయింట్లు వాడేయడం మంచిది.

పాస్‌పోర్టులో ఇంటిపేరుతో సహా పొడుగ్గా ఉంది, ఖాతాలో పొట్టిగా ఉంది. పాయింట్లు పడటం లేదు.

మన తెలుగువాళ్లను ఎక్కువగా పట్టి పీడించే సమస్య ఇది. ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆ తర్వాత 'వెంకట', 'సత్య', 'లక్ష్మి' అంటూ రెండు మూడు పేర్లు. ఒకరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఇంకొకరి ఆధార్‌లో ఇంటిపేరు స్థానంలో ఒకే అక్షరం. టికెట్ మీద ఖాళీలన్నీ పోయి పేర్లన్నీ అతుక్కుని వస్తాయి, చివర 'ఎంఆర్' అని తోక కూడా తగులుకుంటుంది. ఖాతాలో పేరు దాంతో సరిపోలకపోతే సిస్టమ్ పాయింట్లను వెనక్కి తిప్పేస్తుంది.

చేయాల్సింది: ఖాతాను పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే, అదే గడుల్లో, అదే వరసలో తెరవండి. దేశీయ టికెట్లు కూడా ఆ పేరుతోనే కొనండి. పాయింట్లు పడే వరకు బోర్డింగ్ పాస్, ఈ-టికెట్ నంబరు పారేయకండి. పడకపోతే 'మిస్సింగ్ క్రెడిట్' అడగడానికి గడువు ఉంటుంది, సాధారణంగా కొన్ని నెలలే. ఆలస్యం చేస్తే ఎంత మొత్తుకున్నా వినరు.

గల్ఫ్‌లో పనిచేసే మా అన్నయ్య ఏళ్లుగా వెళ్లొస్తున్నాడు. ఒక్క పాయింటు కూడా లేదు. నిజమేనా?

నిజమే అయి ఉంటుంది. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి వెళ్లేవాళ్ల టికెట్లు చాలావరకు ఏజెంట్లో కంపెనీవాళ్లో కొంటారు. మెంబర్‌షిప్ నంబరు ఎవరూ వేయరు. గ్రూప్ ధరకు కొన్న టికెట్ల మీద పాయింట్లు రాకపోవచ్చు కూడా. అయినా ఖాతా తెరవడానికి ఖర్చేం లేదు. అన్నయ్య పేరుతో తెరిపించండి, చెక్-ఇన్ కౌంటర్‌లోనైనా నంబరు చెప్పమనండి. ఎమిరేట్స్ మైళ్లకు సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది, రెండు మూడు రాకపోకలవి కలిసినా సామాను బరువుకో, టికెట్‌లో కొంత భాగానికో పనికొస్తాయి.

ఇంకో జాగ్రత్త. ఏజెంటు టికెట్ కొనేటప్పుడు తన ఫోన్ నంబరే ఇస్తాడు. ఫ్లైట్ టైము మారితే మెసేజ్ అతనికే పోతుంది. టికెట్‌లో ప్రయాణికుడి నంబరు ఉండాల్సిందే అని పట్టుబట్టండి. రద్దయినప్పుడు నష్టపరిహారం అడగాలన్నా ఇది అవసరం.

అమ్మానాన్న అమెరికా వెళ్తుంటారు, ఒక్కోసారి ఒక్కో ఎయిర్‌లైన్. పాయింట్లు ఎక్కడ వేయించాలి?

ఎయిర్‌లైన్ల కూటమి చూసి వేయించండి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లే లుఫ్తాన్సా, సింగపూర్ ఎయిర్‌లైన్స్, ఎయిర్ ఇండియా, యునైటెడ్ అన్నీ స్టార్ అలయన్స్ అనే కూటమివే. వీటిలో ఏ ఒక్కదాని ఖాతాలోనైనా మిగతావాటి మైళ్లు పడతాయి, టికెట్ క్లాస్ అక్షరం అర్హమైనదైతే. దోహా మీదుగా వెళ్లే ఖతార్, లండన్ మీదుగా వెళ్లే బ్రిటిష్ ఎయిర్‌వేస్ రెండూ 'ఏవియోస్' అనే ఒకే రకం పాయింట్లు వాడతాయి, ఒక ఖాతాలోంచి ఇంకోదాంట్లోకి మార్చుకోవచ్చు. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు. ఇద్దరి పాయింట్లూ ఒకచోట చేరే ఫ్యామిలీ ఖాతా ఉంటే తప్పక తెరవండి.

గోల్డ్, సిల్వర్ లాంటి మెంబర్ స్టేటస్ నిలబెట్టుకోవడానికి ఏడాది చివర్లో ఒక ట్రిప్ వేయమంటారా?

వద్దు. లాంజ్ ఇడ్లీ కోసం, ముందు వరస కోసం పని లేని ప్రయాణం చేయకండి.

ఫ్లైట్ రద్దయితే, ఆలస్యమైతే ఏం అడగాలి?

ఇరవై నాలుగు గంటల ముందు కూడా చెప్పకుండా రద్దు చేస్తే వేరే ఫ్లైట్ లేదా డబ్బు వాపసు, దాంతోపాటు నష్టపరిహారం. గంట లోపు ప్రయాణానికి రూ.5,000, రెండు గంటల లోపైతే రూ.7,500, ఆపైన రూ.10,000. లేదా బేస్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జీ కలిపిన మొత్తం. ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది. వాతావరణం లాంటి చేతిలో లేని కారణాలకు పరిహారం రాదు. ఆరు గంటలకు మించి ఆలస్యమవుతుందంటే వేరే ఫ్లైటో పూర్తి డబ్బో అడగవచ్చు. సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మి మిమ్మల్ని ఆపేస్తే, గంటలోపు వేరే ఫ్లైట్ చూపించకపోతే పరిహారం రూ.20,000 దాకా ఉంటుంది. పాయింట్లతో కొన్న టికెట్ అయితే పాయింట్లు, కట్టిన రుసుములు రెండూ వెనక్కి వచ్చాయో లేదో విడిగా చూసుకోండి.

మీరే పొరపాటున తప్పు తేదీకి బుక్ చేశారా? దేశీయ ప్రయాణం కనీసం వారం దూరంలో ఉంటే, బుక్ చేశాక నిర్ణీత గడువులోపు రద్దు ఛార్జీ లేకుండా మార్చుకోవచ్చు. ఎయిర్‌లైన్ సైట్లోనే కొంటే ఇది తేలిగ్గా అవుతుంది.

వాళ్లు వినకపోతే ఎవరికి చెప్పుకోవాలి?

ముందు ఎయిర్‌లైన్ కస్టమర్ కేర్‌కు రాసి నంబరు తీసుకోండి. తర్వాత ఫిర్యాదులు చూసే వాళ్ల నోడల్ అధికారికి, ఆపైన అప్పీళ్లు వినే అప్పిలేట్ అధికారికి. పేర్లు, ఈమెయిళ్లు ఎయిర్‌లైన్ సైట్లో ఉంటాయి. అక్కడా తేలకపోతే పౌర విమానయాన శాఖ 'ఎయిర్‌సేవా' పోర్టల్‌లో పీఎన్ఆర్‌తో సహా పెట్టండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులోనూ మాట్లాడతారు. ఆఖరికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, అక్కడ లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

పాయింట్ల గొడవ అయినా ఇదే దారి. ఖాతా నిల్వ, రూల్ మారిన రోజు వచ్చిన ఈమెయిల్, 'సీట్లు లేవు' అన్న తెర, అదే నిమిషంలో డబ్బుతో సీట్లు చూపించిన తెర, అన్నిటికీ తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఫోన్లో చెప్పినవన్నీ అదే రోజు ఈమెయిల్‌లో కూడా రాసి పంపండి.